చింబొరాజో బొమ్మ, ఆంటిసానా మొక్కలు

కొండను నిలువునా కోసి, ఆ కోత మీద ఏ ఎత్తులో ఏ మొక్క పెరుగుతుందో రాసిపెడితే ఎలా ఉంటుంది? 1807లో పారిస్‌లో అచ్చయిన ఒక బొమ్మలో ఉన్నది అదే. దాదాపు మూడడుగుల వెడల్పున్న కాగితం. నడుమ దక్షిణ అమెరికాలోని చింబొరాజో అగ్నిపర్వతం, దానికి తోడుగా పొగ కక్కుతూ కోటోపాక్సి. కొండలో ఒక సగానికి రంగులద్ది అడవి, గడ్డి, మంచు గీశారు. రెండో సగాన్ని తెల్లగా వదిలి, భూతద్దం ఉంటే తప్ప చదవలేనంత సన్నటి అక్షరాలతో లాటిన్ పేర్లు నింపారు. అడుగున తాళ జాతి చెట్లు, అరటి. ఆ పైన ఫెర్న్ చెట్లు, సింకోనా. తర్వాత పొదలు, పూలమొక్కలు, ఉత్త గడ్డి. చిట్టచివర బండలకు అంటుకుని బతికే లైకెన్లు. మన మసాలా దినుసుల్లోని రాతిపువ్వు ఈ చివరి కోవలోదే.

బొమ్మకు రెండు పక్కలా పట్టికలున్నాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి ఎంత తగ్గుతుంది, నీళ్లు ఎంత వేడికే మరిగిపోతాయి, ఆకాశపు నీలం ఎంత చిక్కబడుతుంది, ఏ జంతువు ఎక్కడిదాకా తిరుగుతుంది, ఏ పంట ఎక్కడిదాకా పండుతుంది, అన్నీ వరసగా రాశారు. పంటల పట్టికలో చెరకు, కాఫీ, పత్తి పండే దిగువ నేలల దగ్గర ఆఫ్రికా బానిసల ప్రస్తావన కూడా ఉంది. వాళ్లను అక్కడికి తెచ్చింది నాగరికులైన యూరప్ వాళ్లేనని ఎత్తిపొడుపులా వినిపించే ఒక ముక్క అక్కడ చేర్చారు. మొక్కల బొమ్మలో ఆ మాట అవసరమా అని అప్పట్లో ఎవరైనా నొసలు చిట్లించే ఉంటారు.

దీన్ని తయారు చేసినవాడు అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్. ప్రష్యా ప్రభుత్వపు గనుల శాఖలో ఉద్యోగం చేసి, తల్లి పోయాక చేతికొచ్చిన ఆస్తితో ప్రపంచం చూడటానికి బయల్దేరినవాడు. మొక్కల భూగోళశాస్త్రానికి ఈ బొమ్మే పునాది అని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. పునాదే, అందులో సందేహం లేదు. అయితే బొమ్మకున్న పేరు చింబొరాజోది గానీ, చెట్లు ఆగిపోయిన చోటికి పైన రాసిన మొక్కల్లో ఎక్కువవి ఆ కొండ మీద ఏరినవి కావు. ఆ సంగతి తేటతెల్లం కావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

మొక్కల భూగోళశాస్త్రంలో తొలి అడుగులు చాలావరకు అగ్నిపర్వతాల మీదే పడ్డాయి. 1701లో టూర్న్‌ఫోర్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు, ఇప్పుడు టర్కీ తూర్పు కొసన ఉన్న అరారత్ కొండ మీదికి కొంత దూరం ఎక్కాడు. నోవా ఓడ ఆగింది అక్కడేనని క్రైస్తవ లోకం నమ్మే కొండ అది. పుట్టుకను బట్టి అగ్నిపర్వతం. అడుగున ఆర్మీనియా మొక్కలు, ఇంకాస్త పైన ఇటలీ, ఫ్రాన్సు మొక్కలు, ఆ పైన స్కాండినేవియా మొక్కలు కనబడ్డాయని రాశాడు. నలభై ఏళ్ల తర్వాత స్వీడన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ ఈ కబురునే పట్టుకుని ఇంకా దూరం పోయాడు. 1743 నాటి ఒక ప్రసంగంలో ఏదెను తోటనే భూమధ్యరేఖ మీది ఎత్తయిన కొండగా ఊహించాడు. అన్ని శీతోష్ణాలూ ఒకే కొండ మీద ఉంటే సృష్టిలోని ప్రతి మొక్కకూ అక్కడే చోటు దొరుకుతుంది, సముద్రం వెనక్కి తగ్గేకొద్దీ అవన్నీ కిందికి పాకి లోకమంతా పరుచుకుంటాయి అన్నది ఆయన లెక్క. కథ పురాణానిదే అయినా, ఎత్తుకూ చలికీ మొక్కకూ వేసిన ముడి మాత్రం గట్టిది.

హంబోల్ట్ 1799 జూన్ 5న స్పెయిన్‌లోని లా కొరున్యా రేవులో ఓడెక్కాడు. వెంట ఫ్రెంచి వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ఎమే బోంప్లాన్. దారిలో కెనరీ దీవుల్లో ఓడ కొద్ది రోజులు ఆగితే, ఇద్దరూ వెళ్లి టెయిదే అగ్నిపర్వతం ఎక్కి వచ్చారు. 3,700 మీటర్లు దాటిన ఆ కొండ మీద కింద ద్రాక్షతోటలు, తర్వాత లారెల్ అడవి, దాని నెత్తిన పైన్ చెట్లు, ఆపైన తెల్లపూల రెటామా పొదలు, చివర గడ్డి వరసగా ఎదురయ్యాయి. ఆ వరసే తర్వాత ఆండీస్‌లో విశ్వరూపం ఎత్తింది.

ఎత్తును బట్టి మొక్కల వరసను చూడటానికి అగ్నిపర్వతాలే బాగా కుదరడానికి కారణం ఉంది. హిమాలయాల్లాంటి శ్రేణుల్లో కొండకూ కొండకూ నడుమ లోయలు, మలుపులు, నీడపట్టులు అల్లుకుని ఉంటాయి. ఏ మార్పు ఎత్తు వల్ల వచ్చిందో, ఏది లోయ వల్ల వచ్చిందో విడదీయడం కష్టం. అగ్నిపర్వతం చాలాచోట్ల ఒంటరిగా, శంకువులా పైకి లేస్తుంది. భూమధ్యరేఖ దగ్గరైతే ఇంకో సౌకర్యం. అక్కడ ఎండాకాలం, చలికాలం తేడా దాదాపు లేదు. ఒక ఎత్తులో ఏడాది పొడవునా ఒకే రకం వాతావరణం. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అందుకే మొక్కల అంచెలు అంత స్పష్టంగా కళ్లకు కడతాయి.

1802 జనవరిలో హంబోల్ట్ బృందం క్విటో చేరింది. ఇప్పటి ఈక్వడార్ రాజధాని అయిన ఆ ఊరికి అటూ ఇటూ అగ్నిపర్వతాలు బారులు తీరి ఉంటాయి. పిచించా మీదికి పలుమార్లు వెళ్లారు. కోటోపాక్సి లొంగలేదు. మార్చిలో క్విటోకు ఆగ్నేయంగా ఉన్న ఆంటిసానా మీదికి పోయారు. 5,700 మీటర్లు దాటిన కొండ అది. అమెజాన్ అడవుల నుంచి వచ్చే తేమగాలి నేరుగా తగిలే తూర్పు శ్రేణిలో ఉంది. సుమారు 4,100 మీటర్ల ఎత్తున పశువులను మేపుకునే ఒక జమీందారీ పాక ఉంటే అందులో బస చేశారు. మనుషులు కాపురముండే అత్యంత ఎత్తయిన చోట్లలో ఇదొకటని హంబోల్ట్ అబ్బురపడ్డాడు. అక్కడి నుంచి 4,800 మీటర్లు దాటిన ఒక గుహ దాకా వెళ్లారు. దారి పొడవునా బోంప్లాన్ మొక్కలు పీకుతూ, కాగితాల మధ్య అదుముతూ నడిచాడు.

ఆ ఎత్తులో మొక్క బతకడమంటే మాటలు కాదు. పగలు ఎండ చర్మం మాడుస్తుంది, రాత్రి నీళ్లు గడ్డకడతాయి. ఏడాదిలో ఏదో ఒక కాలం కాదు, ఇంచుమించు ప్రతి రోజూ ఇదే తంతు. కుల్సిటియం అనే మొక్కను దగ్గర నుంచి చూస్తే ఈ బాధను తట్టుకోవడం ఎలాగో తెలుస్తుంది. నేలబారు గుబురులో పొడవాటి మందపు ఆకులు. ఆకు రెండువైపులా తెల్లటి నూగు, అడుగునున్న పచ్చదనం పైకి తెలియనంత దట్టంగా. పగటి తీక్షణమైన వెలుతురుకూ, రాత్రి చలికీ ఆ నూగే అడ్డు. స్థానికులు దాన్ని కుందేలు చెవి అంటారు. ఈ ప్రజాతిని శాస్త్రలోకానికి పరిచయం చేసింది బోంప్లాన్, హంబోల్ట్‌లే. దాని పక్కనే దిండు మొక్కలు ఉంటాయి. వేలకొద్దీ చిట్టి ఆకుల గుత్తులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగి గట్టి దిబ్బగా తయారవుతాయి. మనిషి పైకెక్కి నిలబడినా కుంగవు. లోపల చెమ్మ, వెచ్చదనం నిలుస్తాయి గనుక ఇతర మొక్కల విత్తనాలు ఆ దిబ్బల మీదే పడి మొలుస్తాయి. మట్టి సరిగా లేని చోట ఒక మొక్క ఇంకో మొక్కకు మడి అవుతుందన్నమాట.

చింబొరాజో వంతు జూన్ 23న వచ్చింది. అప్పటికి లోకంలో అంతకన్నా ఎత్తయిన కొండ లేదని అందరి నమ్మకం. హిమాలయాల కొలతలు ఇంకా బయటికి రాలేదు. హంబోల్ట్, బోంప్లాన్, క్విటో కులీన కుటుంబపు యువకుడు కార్లోస్ మోంటుఫర్ బయల్దేరారు. మంచు మొదలయ్యాక వెంట వచ్చిన స్థానికుల్లో ఎక్కువమంది వెనుదిరిగారు. దట్టమైన పొగమంచు. జోళ్లు నానిపోయాయి. చిగుళ్ల నుంచి రక్తం, కళ్లు ఎర్రబడటం, వాంతి వచ్చేటట్టు ఉండటం. చివరికి దాటలేని పగులు ఒకటి అడ్డొచ్చి ఆగిపోయారు. బారోమీటరు లెక్క ప్రకారం వాళ్లు చేరింది 5,878 మీటర్లు. కొండ అసలు ఎత్తు 6,260 మీటర్ల పైచిలుకు. శిఖరం అందకపోయినా యూరప్‌లో ఆ రికార్డు హంబోల్ట్ పేరును ఇంటింటికీ చేర్చింది.

కానీ ఆ పొగమంచులో, ఆ అవస్థలో మొక్కలు ఏరే తీరిక ఎవరికుంది? పైమెట్టు మొక్కల్లో వాళ్ల సంచుల్లో ఉన్నవి ఎక్కువగా మూడు నెలల కిందట ఆంటిసానా మీద పోగుచేసినవే. రెండు కొండలకూ మధ్య గాలివాటు దూరం సుమారు నూట ముప్పై కిలోమీటర్లు. ఒకటి తూర్పు శ్రేణిలో తడిసి ముద్దయ్యేది, రెండోది పడమటి శ్రేణిలో సగం పొడిది.

1803 మొదట్లో గ్వయాకిల్ రేవులో ఓడ కోసం ఎదురుచూస్తూ హంబోల్ట్ తొలి చిత్తుబొమ్మ గీసి, బొగోటాలో ఉన్న పెద్దాయన, వృక్షశాస్త్రజ్ఞుడు ముతిస్‌కు పంపాడు. అది ఇప్పటికీ బొగోటా జాతీయ మ్యూజియంలో ఉంది. పారిస్ చేరాక షోన్‌బెర్గర్, టుర్పాన్ అనే చిత్రకారులు దానికి మెరుగులు దిద్దారు. హంబోల్ట్ ఎంచుకున్నది చింబొరాజోనే. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కొండ పేరు పెడితే ఉండే ఊపు, పశువుల పాక ఉన్న ఆంటిసానాకు రాదు మరి. జర్మన్ ప్రతిని కవి గేటేకు అంకితమిచ్చాడు. పుస్తకంతో పాటు బొమ్మ అందకపోవడంతో గేటే తోచినట్టు సొంతంగా ఒకటి గీసుకున్నాడు.

ఇదే కాలంలో ఇదే పనిలో ఉన్న ఇంకొకరిని లోకం అంతగా తలవదు. ఇప్పటి కొలంబియాలోని పొపయాన్ ఊరివాడు ఫ్రాన్సిస్కో హోసే ద కాల్దాస్. పురాసే అగ్నిపర్వతం ఎక్కినప్పుడు ఆయన థర్మామీటరు విరిగింది. దాన్ని మళ్లీ సరిచేసుకునే ప్రయత్నంలో, నీళ్లు మరిగే వేడిని బట్టి కొండ ఎత్తు లెక్కకట్టవచ్చని సొంతంగా కనిపెట్టాడు. భూమధ్యరేఖ దగ్గర ఏ పంట ఏ ఎత్తుదాకా పండుతుందో 1803లోనే ఒక వ్యాసం రాశాడు. హంబోల్ట్ వెంట వెళ్లాలని ఆశపడ్డాడు గానీ, హంబోల్ట్ మోంటుఫర్‌ను తీసుకెళ్లాడు. ఆ నొప్పి కాల్దాస్ ఉత్తరాల్లో దాగలేదు. స్వాతంత్ర్య పోరాటంలో చేరినందుకు స్పెయిన్ సైన్యం 1816లో కాల్దాస్‌ను కాల్చి చంపింది. అదే ఏడాది మోంటుఫర్‌నూ చంపింది.

కొండ అంచెల గురించి పుస్తకం రాయకపోయినా, వాటితోనే బతికినవాళ్లు చింబొరాజో చుట్టూ ఉన్న పురుహా జనం. పైన బంగాళాదుంప, కాస్త దిగువన మొక్కజొన్న, ఇంకా కిందికి దిగితే మిరప, పత్తి: ఏది కావాలంటే ఆ మెట్టుకు మనిషిని పంపడమో, మారకం వేయడమో ఆండీస్‌లో తరతరాల పద్ధతి. మంచు కోసే పని కూడా అలాంటిదే. గాడిదలను తోలుకుని పైకి పోతూ గడ్డి మెట్టులో ఆగి గడ్డి కోసుకునేవారు, దాంతోనే తాళ్లు పేనేవారు. పైన హిమానీనదం అంచున గడ్డపారతో మంచు దిమ్మలు పెకలించి, అదే గడ్డిలో చుట్టి, అదే తాడుతో కట్టి రియోబాంబా ఊరి అంగడికి దించేవారు. ఈ వృత్తిలో చివరివాడిగా పేరుపడిన బాల్తజార్ ఉష్కా 2024లో చనిపోయాడు.

బొమ్మలో తాళ చెట్లకు పైన ఉన్న సింకోనా, అంటే బెరడులో క్వినైన్ ఉండే చెట్టు, మన దేశం దాకా వచ్చింది. 1860లో ఇంగ్లిషు వృక్షశాస్త్రజ్ఞుడు రిచర్డ్ స్ప్రూస్ చింబొరాజో పడమటి వాలున లిమోన్ అనే చోట మకాం వేసి, ఎర్రబెరడు సింకోనా విత్తనాలు లక్ష దాకా, మొక్కలు కొన్ని వందలు సిద్ధం చేశాడు. అప్పటికే ఆయన కాళ్లూ చేతులూ సరిగా ఆడని స్థితి. బెరడు కోసం చెట్లను నరికేసిన అడవిలో మిగిలినవాటిని వెతుక్కుంటూ చేసిన పని ఇది. అవి 1861లో నీలగిరులు చేరాయి. అక్కడి తోటలు, మద్రాసు ప్రభుత్వపు క్వినైన్ ఫ్యాక్టరీ ఆ మొక్కలతో మొదలైనవే. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకునే నాటికి, ఆ జ్వరానికి చేతిలో ఉన్న మందు ఈ బెరడుదే. మన్యం జ్వరం అంటే హడలిపోయిన మన జిల్లాలకు దాని చేదు బాగా తెలుసు. అయితే ఎర్రబెరడులో క్వినైన్ పాలు తక్కువ. బొలీవియా నుంచి వచ్చిన వేరే రకాన్ని డచ్చివాళ్లు జావా అగ్నిపర్వతాల వాలుల్లో నాటి, చివరికి ప్రపంచ మార్కెట్టును చేజిక్కించుకున్నారు.

ఎత్తు ఒక్కటే అన్నీ తేల్చేస్తుందా అంటే, చింబొరాజో మీదే కాదని తెలుస్తుంది. తూర్పు వాలు తేమగా, గడ్డితో నిండి ఉంటుంది. పడమటి వైపు అదే ఎత్తులో బూడిద, ఇసుక పరుచుకున్న ఎడారి. అరెనాల్ అంటారు దాన్ని. మేఘాలు తూర్పునే ఖాళీ అయిపోవడం ఒక కారణం, నీళ్లు నిలవని గులక ఇసుక మరో కారణం. ఇందుకు భిన్నంగా, బూడిద మెత్తగా నలిగి, చలికి కుళ్లని గడ్డి వేళ్లతో కలిసిన చోట నల్లటి నేల తయారవుతుంది. స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచే నేల అది. క్విటో నగరం తాగే నీళ్లలో కొంత భాగం ఆంటిసానా పక్కనుంచే వస్తుంది. ఒకే అగ్నిపర్వతం కక్కిన బూడిద ఒకచోట ఎడారి అయింది, ఇంకోచోట చెరువు పని చేస్తోంది.

ఇక పాలిలెపిస్ చెట్ల సంగతి. గడ్డి మెట్టుకు పైన, 4,300 మీటర్ల దగ్గర కూడా బండల సందుల్లో వంకర్లు తిరిగిన ఎర్రటి చెట్లు గుంపులుగా కనబడతాయి. బెరడు పలచటి కాగితం పొరలుగా ఊడి వేలాడుతుంటుంది. కింద చెట్టే లేని గడ్డిమైదానం ఉంటే, పైన అడవి తునకలు ఎందుకున్నాయి? జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్జ్ ఎలెన్‌బర్గ్ 1958లో ఒక ఘాటైన మాట అన్నాడు: గడ్డిమెట్టు చాలావరకు మనుషుల చేతి పని, నిప్పు పెట్టి, పశువులను మేపి, అడవిని బండల్లోకి తరిమేశారు అని. వాదన ఇంకా తెగలేదు. అది నిజమైతే హంబోల్ట్ ప్రకృతి నియమంగా గీసిన గడ్డి అంచెలో కొంత భాగం పశువుల కాపరులు గీసిన గీత అవుతుంది.

1880 జనవరి 4న ఇంగ్లిషు పర్వతారోహకుడు ఎడ్వర్డ్ వింపర్, కారెల్ ఇంటిపేరున్న ఇద్దరు దారిచూపేవాళ్లతో కలిసి చింబొరాజో శిఖరాన్ని తొలిసారి చేరాడు. తర్వాత నూరేళ్లకు పైగా శిఖరం మీద ఉన్నంత మోజు మొక్కల మీద చాలామందికి లేదు.

2012లో డెన్మార్క్ నుంచి నాయా మొరుయెటా-హోల్మె, యెన్స్-క్రిస్టియన్ స్వెనింగ్ బృందం హంబోల్ట్ బొమ్మను చేతబట్టుకుని చింబొరాజో మీదికి వెళ్లింది. వాళ్ల లెక్కలు 2015లో వెలువడ్డాయి. 1802లో మొక్కలు 4,600 మీటర్ల దగ్గర ఆగిపోతే, ఇప్పుడు 5,185 మీటర్ల దాకా ఎక్కాయి. హిమానీనదం అంచు 4,814 నుంచి 5,270 మీటర్లకు జరిగిపోయింది. మొత్తంగా అంచెలన్నీ సగటున 500 మీటర్లకు పైగా పైకి కదిలాయి. పత్రికలకు ఇది పండగ వార్త. ఆండీస్‌లో పనిచేసేవాళ్లకు మాత్రం మింగుడు పడలేదు. లోకమంతటా కనిపిస్తున్న జరుగుబాటుతో పోలిస్తే ఇది మరీ ఎక్కువ.

ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ మోరే, క్విటోలోని సహచరులతో కలిసి కొండకన్నా ముందు కాగితాలు తిరగేశాడు. దినచర్యలు, మొక్కల పట్టికలు, పారిస్ హెర్బేరియంలో బోంప్లాన్ అదిమిపెట్టిన నమూనాలు, వాటి చీటీలు. చెట్లు ఆగిపోయే రేఖకు పైనున్నవాటిలో ఎక్కువ ఆంటిసానావే అని అప్పుడు రుజువైంది. బొమ్మలో వాటికి ఇచ్చిన ఎత్తులు కొలిచి రాసినవి కావు, చాలావరకు అంచనాతో సర్దినవి. అందుకని 2017లో మోరే బృందం చింబొరాజోను పక్కన పెట్టి ఆంటిసానాకే వెళ్లి, హంబోల్ట్ నడిచిన దారుల్లో అవే మొక్కల కోసం వెతికింది. 2019లో వెలువడిన వాళ్ల లెక్క ప్రకారం, 215 ఏళ్లలో మొక్కలు పైకి జరిగింది 215 నుంచి 266 మీటర్లు. పదేళ్లకు పది, పన్నెండు మీటర్ల చొప్పున. ప్రపంచంలోని ఇతర కొండల లెక్కతో ఇది చక్కగా సరిపోయింది. ముందు చెప్పిన అంకెలో సగమే అయినా, ఈసారి కొండ సరైనది, మొక్కలూ సరైనవే.

హంబోల్ట్‌కు ఈ లొసుగు తెలియకపోలేదు. 1817లో లాటిన్‌లో రాసిన పుస్తకంలో చింబొరాజోను ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్‌తో, లాప్‌లాండ్ కొండతో పక్కపక్కన పెట్టి కొత్త బొమ్మ వేయించాడు. ఆ తర్వాతి ప్రచురణల్లోనూ పైమెట్టు ఎత్తులను దిద్దుతూనే వచ్చాడు. దిద్దుబాట్లు అలమారాల్లోకి చేరాయి. క్లాసు గోడల మీదికి, పుస్తకాల అట్టల మీదికి ఎక్కింది మాత్రం 1807 నాటి రంగుల బొమ్మే.